పండుగయు పాఠమే
స్కాట్లండు ప్రాథమిక పాఠశాలలను గూర్చిన ఒక పాఠము

ఈ పాఠమును చదువుటకు ముందు నిర్గమకాండము 12వ అధ్యాయము 21 మొదలు 27 వరకును, యెహోషువ 4వ అధ్యాయము మొదటి ఏడు వచనములును ఇంటిల్లిపాదియు కూడి చదువుకొనుడని మనవి.

ఆ రెండు భాగములలోను ఒక చిన్న సంగతి కలదు. మనము తరచుగా దానిని గమనింపక దాటిపోవుచుందుము. పస్కా నాడు పెద్దలు ఆచారము జరిగించుచుండగా పిల్లలు ఊరకుండరు. దీని భావమేమని అడుగుదురు. యొర్దాను నడుమనుండి తెచ్చి నిలిపిన పండ్రెండు రాళ్లను చూచినప్పుడును పిల్లలే అడుగుదురు. వారడిగినప్పుడు పెద్దలు చెప్పవలెను. అనగా ఇశ్రాయేలీయుల యిండ్లలో పండుగ ఒక చోట, పాఠము మరియొక చోట ఉండలేదు. పండుగే పలక, పండుగే పుస్తకము. బిడ్డకు ప్రశ్న పుట్టించుటయు ఆ పండుగ చేయు పనులలో ఒకటి.

మనము మాత్రము ఈ రెంటిని విడదీసియున్నాము. పండుగ దినములలో చదువు చెడునని చెప్పుకొందుము. క్రిస్మసు నాటకములో తన మాటలు వల్లించుకొనుచున్న పిల్లవానిని చూచి, లెక్కలు మాని ఈ ఆటలెందుకని గద్దింతుము. మరి చదువు చెప్పుటలో పేరుపొందిన దేశములవారు ఏమి చేయుచున్నారు? ఈ నెల మనము స్కాట్లండు దేశపు ప్రాథమిక పాఠశాలల వైపు చూతము. ఆ దేశమునే ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. అక్కడి ఊరి బడులు సంఘము తలంపులో పుట్టినవి; మరియు వాటికిని మన చెన్నపట్టణమునకును ఒక పాత చుట్టరికమున్నది. దానిని ముందు చెప్పెదము.

1. ఆ బడులు పుట్టిన విధము

బ్రిటను ద్వీపమునకు ఉత్తర భాగమే స్కాట్లండు. కొండలు, సరస్సులు, దీవులు గల చలిదేశము. 1560లో అక్కడ సంఘ సంస్కరణ జరిగినప్పుడు జాన్ నాక్సును ఆయన తోడివారును కలిసి సంఘ క్రమమును గూర్చి ఒక గ్రంథము సిద్ధపరచిరి. ప్రతి సంఘమునకు ఒక బడిపంతులు ఉండవలెననియు, బీదల బిడ్డలను సంఘపు సొమ్ముతో చదివింపవలెననియు అందులో వ్రాసిరి. బైబిలును స్వయముగా చదువలేని విశ్వాసి ఎల్లప్పుడు ఇతరుల నోటి మీదనే ఆధారపడవలసియుండునని వారి దిగులు.

కాని ఆ కోరిక వెంటనే నెరవేరలేదు. పాత సంఘపు ఆస్తులను చేజిక్కించుకొనిన పెద్ద భూస్వాములు వాటిని బడులకై విడువలేదు. నూటముప్పదియారు సంవత్సరములు గడచిన పిమ్మట, 1696లో, ప్రతి పారిషులోను, అనగా ఒక్కొక్క సంఘపు సరిహద్దులోను, భూస్వాములు బడి యిల్లు చూపి పంతులకు జీతమియ్యవలెనని గట్టి చట్టము వచ్చెను. 1872లో వచ్చిన మరియొక చట్టము 5 మొదలు 13 ఏండ్ల వరకు గల ప్రతి బిడ్డయు చదువవలసినదేనని విధించెను. ఆ చట్టముతోనే చాల బడులు సంఘము చేతినుండి ప్రజలు ఎన్నుకొనిన పాఠశాల సభల చేతికి మారెను.

1560 నుండి 1872 వరకు లెక్కించి చూడుడి. మూడువందల పండ్రెండు ఏండ్లు. విత్తినవారు కోతను కన్నులార చూడలేదు. ఐనను విత్తిరి. బడి కావలెనని అర్జీల మీద అర్జీలు పెట్టుకొనిన గ్రామములవారికి ఈ మాట కొంత ఓదార్పు కాగలదు.

2. తరగతి గదిలో

ఇప్పుడు నేటి బడిలోనికి వెళ్లుదము. అక్కడ ప్రాథమిక పాఠశాలలో ఏడు తరగతులు. మొదటి తరగతిలో చేరు బిడ్డకు నాలుగున్నర మొదలు ఐదున్నర ఏండ్ల వయస్సుండును. ఆగస్టు నెల నడుమ బడి తెరచి, జూను చివర వేసవి సెలవులిత్తురు. మొదటి తరగతిలో 25 మందికి మించరాదు. రెండు, మూడు తరగతులలో 30 మంది, అటుపైన 33 మంది హద్దు. చిన్న పల్లెలలోను దీవులలోను రెండు మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుండుటయు కలదు. అట్టి గదికి 25 మందియే హద్దు.

2010 నుండి అమలులోనున్న పాఠ్య ప్రణాళికలో ఎనిమిది విషయములున్నవి. భాషలు, గణితము, విజ్ఞానము, సాంఘిక విషయములతో పాటు చిత్రలేఖనము, సంగీతము, నాట్యము, నాటకములు గల కళలును అందు చేరియున్నవి. ఆరోగ్యము, సాంకేతిక పరిజ్ఞానము, మతము మరియు నీతి అనునవి తక్కినవి. కావున అక్కడ పాటయు నాటకమును చదువు మిగిలిన తరువాత చేయు పనులు కావు. లెక్కల వలెనే అవియు చదువు.

మొదటి తరగతి పిల్లలు చదువు నేర్చు తీరును కొంచెము వివరించెదము. ఇంగ్లీషు భాషలో అక్షరము పేరు ఒకటి, పలుకు వేరొకటి. సీ, ఏ, టీ అని ఎంత వేగముగా చెప్పినను క్యాట్ అను మాట రాదు. మన తెలుగులో ఈ చిక్కు లేదు. క అను అక్షరమును చూచి క అనియే పలుకుదుము. కనుక అక్కడి ఉపాధ్యాయులు మొదట అక్షరముల పేర్లు కాక పలుకులు నేర్పుదురు. క్, యా, ట్ అను మూడు పలుకులను కలిపి బిడ్డ తానే పిల్లి అను మాటను చదివి సంతోషించును. స్కాట్లండులోని క్లాక్‌మనన్‌షైర్ ప్రాంతమున దాదాపు 300 మంది పిల్లలకు ఈ విధముగా నేర్పి, ఏడేండ్ల పాటు వారి చదువును పరీక్షించి, 2005లో ఆ ఫలితములు ప్రకటించిరి. మాటలను చదువుటలోను తప్పులు లేక వ్రాయుటలోను ఆ పిల్లలు తమ వయస్సుకు మించి ముందుకు పోయిరని తేలెను. చదివినదాని భావము గ్రహించుటలో మాత్రము అంత ముందంజ కనబడలేదు. పలుకుట వేరు, గ్రహించుట వేరని దీనివలన తెలియుచున్నది. వాక్యమును గడగడ చదువు మనకును ఈ హెచ్చరిక పనికివచ్చును.

వ్రాయుట నేర్చునప్పుడు వెంటనే కలము చేతికియ్యరు. పళ్లెములో ఇసుక పోసి వ్రేలితో అక్షరము దిద్దించుదురు. గుండీలు, గులకరాళ్లు, చెట్టు కాయలు ముందు పెట్టుకొని పిల్లలు ఎంచుదురు, కూడుదురు, తీసివేయుదురు. గదిలో ఒక మూల చిన్న అంగడి పెట్టి ఒకడు అమ్ముచు ఒకడు కొనుచు చిల్లర లెక్క నేర్చుకొందురు. చూచువారికి ఆటవలె కనబడును. చేయు బిడ్డకు అది లెక్క.

3. చెన్నపట్టణపు ఇసుక

ఇసుకలో దిద్దుట అనగానే మన పెద్దలకు తమ వీధి బడి జ్ఞాపకము వచ్చియుండును. ఇక్కడనే మేము ముందు చెప్పిన చుట్టరికమున్నది.

స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1753లో ఒక మంగలి యింట ఆండ్రూ బెల్ అనునతడు పుట్టెను. అతడు పాదిరియై 1787లో మన దేశమునకు వచ్చి, 1789 నుండి చెన్నపట్టణము ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలను చూచుకొనెను. ఒకనాడు గుఱ్ఱముమీద పోవుచు, ఒక వీధి బడిలో పిల్లలు నేలమీద ఇసుక పరచి వ్రేళ్లతో అక్షరములు వ్రాయుట చూచెను. కాగితము ఖర్చు లేదు, కలము ఖర్చు లేదు. తప్పు పోయినచో అరచేతితో తుడిచివేయవచ్చును. వెంటనే తన బడిలోను అట్లు చేయింపగోరెను. పెద్ద ఉపాధ్యాయులకు అది రుచింపలేదు. అప్పుడు బెల్ ఎనిమిదేండ్ల బాలుని ఒకని పిలిచి, చిన్నవారికి ఇసుకలో అక్షరములు నేర్పుమని అప్పగించెను. ఆ బాలుడు చక్కగా నేర్పెను.

ఈ విధముగా పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పు పద్ధతిని గూర్చి బెల్ 1797లో లండనులో పుస్తకము ప్రకటించెను. అది మదరాసు పద్ధతి అను పేరుతో అనేక దేశములలో వ్యాపించెను. అతడు 1832లో చనిపోవుచు తన సొమ్ములో చాల భాగము బడులకై వ్రాసియిచ్చెను. అతని జన్మస్థలమున దానితో కట్టిన పాఠశాలకు మదరాసు కాలేజి అని పేరు. 1833లో తెరచిన ఆ పాఠశాల నేటికిని ఆ పేరుతోనే నడచుచున్నది. ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి మదరాసు! చాపమీద కూర్చుండి ఇసుకలో దిద్దిన పేరులేని పిల్లల చేతులనుండి ఒక పాఠము సముద్రము దాటి పోయెను. కాబట్టి మన ఊరి బడిలో నేర్చుకొనదగిన దేమియు లేదని ఎవరును తలంపకూడదు.

ఆ పద్ధతిలో లోపములును ఉండెను. ఒక పెద్ద గదిలో వందల కొలది పిల్లలను కూర్చుండబెట్టి ఒక్క పంతులతో తక్కువ ఖర్చున గడుపుకొనుటకు పలువురు దానిని వాడుకొనిరి. అందుచేత అది మరుగుపడెను. అందలి మంచి మాత్రము నిలిచెను. నేడు స్కాట్లండులోని పెక్కు బడులలో ఏడవ తరగతి బాలుడో బాలికయో మొదటి తరగతి బిడ్డకు తోడుగా ఏర్పడుదురు. క్రొత్తగా చేరిన బిడ్డ బెదరి గోడ ప్రక్క నిలిచియుండగా ఆ తోడు వచ్చి చేయిపట్టుకొని ఆటస్థలము చూపును. భోజనశాలలో పళ్లెము పట్టుకొనుట నేర్పును. ప్రక్కన కూర్చుండి బొమ్మల పుస్తకము చదివి వినిపించును. చిన్న బిడ్డకు భయము పోవును. పెద్ద బిడ్డకు భారము తెలియును. ఒకే చేయి పట్టుకొనుటలో ఇద్దరికి పాఠము.

4. తోలుపట్టీ పోయిన దినము

అక్కడి బడులు ఎల్లప్పుడు ఇంత చల్లగా ఉండలేదు. తోలుతో చేసి, కొనను చీల్చిన పట్టీ ఒకటి ప్రతి ఉపాధ్యాయుని బల్లలో ఉండెడిది. తప్పు చేసిన బిడ్డ చేతులు చాపవలెను. అరచేతులమీద ఆ పట్టీ పడెడిది. మాట్లాడినందుకు, ఆలస్యముగా వచ్చినందుకు, అక్షరము తప్పినందుకును కొట్టుట కలదు. దెబ్బ లేనిదే చదువు రాదని తరతరములవారు నమ్మిరి. బెత్తమును గూర్చి మన సామెతలును అట్టివే కదా!

ఇద్దరు స్కాట్లండు తల్లులు, తమ బిడ్డలను కొట్టకూడదని కోరుచు, ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము వరకు వెళ్లిరి. 1982లో వారి పక్షముగా తీర్పు వచ్చెను. 1987లో ప్రభుత్వ పాఠశాలలన్నిటిలోను దెబ్బలు చట్టరీత్యా నిలిచిపోయెను. అందువలన బడులు మూతపడలేదు. పిల్లలు చదువు మానలేదు. ఇప్పుడు పిల్లలే తమ తరగతికి నియమములు ఆలోచించి వ్రాసి గోడకు అంటించుట, ప్రతి తరగతినుండి ఒకరిద్దరు పిల్లలు కూడి బడి విషయములు చర్చించుట అనేక బడులలో వాడుక. భయముతో నేర్చినది భయము పోగానే పోవును. ప్రీతితో నేర్చినది మిగులును.

5. సంవత్సరము పొడుగున పండుగలు

ఆ బడులలోని సంవత్సరమును ఇక వరుసగా చూతము.

అక్టోబరులో ఒక వారమో రెండు వారములో సెలవు. దానిని పెద్దలు ఇప్పటికిని బంగాళాదుంపల సెలవులని పిలుచుకొందురు. పూర్వము ఆ దినములలో పిల్లలు పొలములకు పోయి దుంపలు ఏరి కుటుంబమునకు నాలుగు డబ్బులు తెచ్చెడివారు. యంత్రములు వచ్చి ఆ పని పోయెను, పేరు నిలిచెను. పంటకాలమున కొన్ని బడులలో కృతజ్ఞతా కూటము జరిపి, పిల్లలు తెచ్చిన ఆహార డబ్బాలను ఆకలిగొన్నవారికై పంచు స్థలములకు పంపుదురు. నవంబరు 30 పరిశుద్ధ అంద్రెయ దినము. పేతురు సహోదరుడైన ఆ జాలరి పేరట దేశమంతయు దినము నాచరించును. నీలి గుడ్డమీద తెల్లని అడ్డసిలువ గల దేశ పతాకము ఆయనదియేనని పిల్లలు నేర్చుకొందురు.

డిసెంబరులో క్రిస్మసు. ఇక్కడ చదువరులు ఆశ్చర్యపడు సంగతి ఒకటి కలదు. సంస్కరణ సంఘము క్రిస్మసును వాక్యాధారము లేని ఆచారమని నిరాకరించెను. 1640లో స్కాట్లండు శాసనసభ ఆ సెలవును కొట్టివేసెను. తిరిగి 1958లో గాని క్రిస్మసు దినము అక్కడ ప్రజలకు సాధారణ సెలవు కాలేదు. మూడువందల ఏండ్లకు మించి పండుగ లేకయుండిన దేశమున, నేడు చిన్న తరగతుల పిల్లలు ప్రభువు జనన కథను నాటకముగా ఆడుదురు. వంటింటి తువాలు తలకు చుట్టుకొనినవాడు గొఱ్ఱెల కాపరి. అట్టముక్కకు బంగారు కాగితము అంటించినచో కిరీటము. మాట్లాడుటకు సిగ్గుపడు బిడ్డ గొఱ్ఱెపిల్ల; ఒక్క అరుపు అరచిన చాలును, తల్లి కన్నీరు తుడుచుకొనును. మంచి ఉపాధ్యాయుని నేర్పు ఏదనగా, తరగతిలో ఒక్క బిడ్డయు పాత్ర లేక మిగులకుండ చూచుట. అదే నెలలో వ్యాయామపు గంటలో పిల్లలకు తమ దేశపు జతల నృత్యములు నేర్పుదురు. ఎవరితో జతపడినను కాదనక చేయి అందించుట అందులోని మొదటి పాఠము.

జనవరి 25 రాబర్ట్ బర్న్స్ అను కవి పుట్టిన దినము. 1759లో ఆలోవే గ్రామమున కౌలు రైతు యింట పుట్టి, తానును నాగలి పట్టి దున్ని, 37 ఏండ్ల వయస్సున, 1796లో మరణించిన కవి. దున్నునప్పుడు తన నాగలి ఒక చిట్టెలుక గూటిని చెదరగొట్టినందుకు నొచ్చుకొని దానిని గూర్చి పద్యము చెప్పినవాడు. ఆ జనవరి మాసమంతయు పిల్లలు స్కాట్సు పద్యములు కంఠస్థము చేసి సభలో చెప్పుదురు. మధ్యాహ్నము హగ్గిస్ అను వంటకము వడ్డింతురు. గొఱ్ఱె గుండె, కాలేయము, ఊపిరితిత్తులు తరిగి ఓట్ల పిండితోను ఉల్లిపాయలతోను కలిపి వండిన బీదవాని కూర అది. తక్కువ కూరయని దానిని దాచరు. దేశపు కూరయని బల్లమీద పెట్టి గౌరవింతురు.

ఆ పద్యముల వెనుక ఒక వేదన కలదు. స్కాట్సు ఇంటి భాష. బిడ్డను బేర్న్ అనియు, ముసురు పట్టిన దినమును డ్రీఖ్ అనియు పలుకు భాష. బడిలో ఆ మాటలు వచ్చినచో సరిగా మాట్లాడుమని మందలించెడివారు, కొట్టెడివారు. కొండ సీమలలోను దీవులలోను గేలిక్ భాష మాటలాడు పిల్లల సంగతి ఇంకను కష్టము. 1872 చట్టములో ఆ భాష ఊసే లేదు. అమ్మ మాట బడి గడప బయట విడిచి రావలసియుండెను. తన తల్లి పలుకు తప్పని నేర్చిన బిడ్డ, తల్లియే తక్కువదని నేర్వకుండునా?

1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ పట్టణములలో గేలిక్ భాషలోనే పాఠములు చెప్పు తరగతులు మొదలయ్యెను. అక్కడ బిడ్డలు మొదట గేలిక్ చదువను వ్రాయను నేర్చి, తరువాత ఇంగ్లీషు నేర్తురు. 2025 జూనులో స్కాట్లండు శాసనసభ గేలిక్, స్కాట్సు రెండింటికిని అధికార భాషల హోదా నిచ్చు చట్టమును ఆమోదించెను. తరతరముల తప్పును దిద్దుకొనుటకు ఇంతకాలము పట్టెను. బిడ్డలకు ఇంగ్లీషు రావలెనని తెలుగును ఇంటినుండి వెళ్లగొట్టుచున్న తలిదండ్రులు దీనిని ఆలోచింతురు గాక.

వసంతము వచ్చినప్పుడు ఆరుబయలు పాఠములు హెచ్చును. వానకును చలికిని వారు జంకరు. 2012 ఫిబ్రవరిలో స్టిర్లింగ్ పట్టణపు సెయింట్ నినియన్స్ ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయిని ఎలేన్ వైలీ పిల్లలను దినమునకు 15 నిమిషములు బయట పరుగెత్తించుట ప్రారంభించెను. పందెము లేదు, ప్రత్యేకమైన బట్టలు లేవు, కుంటువాడును తన నడకతో చేరవచ్చును. దినమునకొక మైలు అను పేరుతో అది ఇతర దేశములకును ప్రాకెను. జూనులో ఆటల దినము: చెంచాలో గ్రుడ్డు పెట్టుకొని నడచుట, గోనెసంచిలో కాళ్లు పెట్టి దూకుట. చివరకు ఏడవ తరగతివారి వీడ్కోలు సభ. ఏడేండ్ల క్రితము ఎవరో తన చేయిపట్టుకొనగా వచ్చిన బిడ్డ, ఇప్పుడు తాను చేయిపట్టి నడిపించిన చిన్న బిడ్డకు వీడ్కోలు చెప్పి పోవును.

ప్రభుత్వపు సలహా ప్రకారము, ఏటికి కనీసము ఆరు మారులు బడి యంతయు కూడి ధ్యానము జరుపుకొనవలెను. ఇష్టము లేని తలిదండ్రులు బిడ్డను తప్పించుకొనవచ్చును. 2022 జనాభా లెక్కలలో ఆ దేశస్థులలో నూటికి 51 మంది తమకు ఏ మతమును లేదని వ్రాయించిరి. బడులు కట్టుమని మొదట కోరిన సంఘమునకు ఇది దుఃఖకరమైన లెక్కయే. వేరు మతముల పిల్లలును అక్కడ చదువుచున్నారు. ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్డీన్ పట్టణములలో మన తెలుగు బిడ్డలును ఉన్నారు. ఐనను బీదవాని బిడ్డ కూడ చదువవలెనని 1560లో విత్తిన మాట మాత్రము వాడిపోలేదు.

6. పండుగనాడు ఇంట మిగిలిన బిడ్డ

ఇంతవరకు చెప్పినదంతయు వినుటకు ఇంపుగా నున్నది. కాని అసలైన సంగతి ఇప్పుడు చెప్పవలసియున్నది.

గ్లాస్గో నగరములో బడి దినమునకు ఎంత ఖర్చగుచున్నదని పిల్లలనే అడిగి, 2015లో ఒక నివేదిక ప్రకటించిరి. చదువు ఉచితమే. కాని పుస్తక దినమని వేషము కావలెను; మామూలు బట్టల దినమని ఒక పౌను చందా కావలెను; క్రిస్మసు అని బొమ్మల స్వెట్టరు కావలెను; విహారయాత్రకు సొమ్ము కావలెను. లేనివారి బిడ్డలు ఏమి చేయుదురు? కొందరు ఆ దినమున కడుపునొప్పి అని ఇంటనే ఉండిపోవుదురు. లెక్కల దినమున బడికి వచ్చిన బిడ్డ పండుగ దినమున రాలేదు! సంతోషపెట్టుటకై పెట్టిన దినమే బిడ్డను సిగ్గుపరచెను. ఆ దినము వాడును ఒక పాఠము నేర్చెను: ఈ సంతోషము నావంటివానికి కాదని.

దీనిని వినినవారు చెవులు మూసికొనలేదు. అనేక బడులలో పండుగలను మరల ఆలోచించిరి. కొన్ని చోట్ల వేషము కొనుటకు బదులు ప్రతి బిడ్డయు ఒక బంగాళాదుంపకు రంగు వేసి, గుడ్డపేలిక చుట్టి, తాను చదివిన కథలోని మనిషిగా చేయవలెనని ఏర్పాటు చేసిరి. దుంప వెల ఎంత? మరికొన్ని చోట్ల పొట్టియైన బట్టలను, పాత వేషములను ఒక చోట పెట్టి, పేరు అడుగక తీసికొననిత్తురు. ప్రభుత్వమును కొంత మేలు చేసెను. 2015 జనవరి నుండి మొదటి మూడు తరగతులవారికి, 2021 ఆగస్టు నుండి నాలుగవ తరగతికి, 2022 జనవరి నుండి ఐదవ తరగతికిని బీద ధనిక భేదము లేక ఉచిత మధ్యాహ్న భోజనము కలిగెను. అందరికిని ఒకే భోజనమైనప్పుడు, ఎవడు బీదవాడో పళ్లెము చెప్పదు.

కొరింథీ సంఘమునకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయమును ఇప్పుడు తెరచి చూడుడి. అక్కడివారు ప్రభువు బల్లకు కూడి వచ్చుచుండిరి. కలవాడు ముందుగా తిని తృప్తుడగుచుండగా లేనివాడు ఆకలితో చూచుచుండెను. లేనివారిని సిగ్గుపరచు విందు ప్రభువు విందు కానేరదని అపొస్తలుడు వారిని గద్దించెను. గ్లాస్గో బిడ్డలు చెప్పినదియు అదియే.

7. మన మాట

ప్రియులారా, మన సంఘములలో క్రిస్మసు నాడు క్రొత్త బట్టలు కట్టినవారు ముందు వరుసలో నిలిచి పాడుచుండగా, పాత చొక్కాతో తలుపు ప్రక్క నిలిచిన బిడ్డను మనలో ఎందరు చూచితిమి? పాట బాగుగా పాడువానికే పాట, నాటకములో పెద్దల బిడ్డలకే పాత్ర యిచ్చిన సంవత్సరములు మనకు లేవా? తప్పు మరియొకరిదని తప్పించుకొనక, ఇది మనదేయని ఒప్పుకొందము.

పండుగ పాఠమును చెరుపదు. ఎవరిని ముందు నిలిపితిమి, ఎవరిని మరచితిమి అనుదానిని బట్టి అదియే పాఠము చెప్పును. పుస్తకములోని పాఠమును బిడ్డ మరచిపోవచ్చును. పండుగ నాడు తనకు చోటున్నదో లేదో మాత్రము ముసలితనము వరకు మరువడు.

ఆదివారపు బడిలోను కుటుంబ ప్రార్థనలోను ఆలోచించుటకు:

1. మన సంఘపు పండుగలలో బిడ్డలు ప్రశ్న అడుగుటకు చోటున్నదా? అడిగినప్పుడు ఎవరు జవాబు చెప్పుచున్నారు?

2. మన సంఘములో పెద్ద పిల్లలలో ప్రతివానికి ఒక చిన్న బిడ్డను తోడుగా అప్పగింపగలమా?

3. వచ్చు క్రిస్మసు నాటకమును ఒక్క రూపాయి ఖర్చు లేకుండ, ఇంటిలోని తువాళ్లతోను దుప్పట్లతోను జరుపగలమా?

4. పోయిన సంవత్సరము పండుగకు రాని బిడ్డ ఎవరు? ఎందుకు రాలేదు? ఈ ఆదివారమైన పిమ్మట వాని యింటికి పోయి అడుగుదమా?

ఈ నాలుగవ ప్రశ్నకు జవాబు కాగితముమీద వ్రాయనక్కర లేదు. నడచి పోయి కనుగొనవలసియున్నది.